పరికిణీ టక్కులో వచ్చే ఏడాది



ఈ పూట కుట్టుపని గురించి మాట్లాడుకుందాం. కుట్టుపని అంతా కాదు, అందులో ఒక చిన్న ముక్క. చిన్నపిల్లల పరికిణీలో, అంచుకు కాస్త పైన, చుట్టూ తిరిగే మడత ఒకటి ఉంటుంది చూశారూ, ఆ మడత గురించి. దర్జీలు దాన్ని టక్కు అంటారు. ఇళ్ళల్లోనూ అదే మాట. కొన్ని పరికిణీలకు ఒక టక్కు ఉంటుంది, కొన్నిటికి రెండు. ముచ్చటపడి కుట్టించినవాటికి మూడు కూడా ఉంటాయి. తెలంగాణలో మీరు లంగా అంటారు, కోస్తాలో పరికిణీ అంటారు, కొందరు పావడా అంటారు. పేరు ఏదైనా టక్కు టక్కే.

అసలు మాట ముందే చెప్పేస్తాను. తక్కినవి మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకోండి. టక్కులో ముడిచిన గుడ్డ వచ్చే ఏడాదిది. ఈ ఏడాదికి అది అందం, వచ్చే ఏడాదికి అదే పొడవు. కాబట్టి టక్కును విప్పడానికి వీలుగా కుట్టాలి. అందంగా కుట్టడం ఎంత ముఖ్యమో, తేలిగ్గా విప్పగలిగేలా కుట్టడం అంత ముఖ్యం. నేను ఈ మాట ఇంకోసారి, మరోసారి అంటాను. విసుక్కోకండి.

ముందు ఒక ప్రశ్న. పొడవు కావాలంటే కింద మడిచి హెమ్మింగ్ చేసుకోవచ్చు కదా, పైన ఈ టక్కు ఎందుకు? మామూలు గౌనుకైతే అలాగే చేస్తాం. కింద మూడంగుళాలు లోపలికి మడిచి, పిల్ల ఎదిగాక విప్పుతాం. కానీ పరికిణీకి కింద అంచు ఉంటుంది. జరీ అంచో, రంగు అంచో, గుడికట్టు అంచో. ఆ అంచు కోసమే గుడ్డ కొన్నాం. దాన్ని లోపలికి మడిచేస్తే ఇక పరికిణీకి కళ ఏముంది? సరే, పైన నడుం దగ్గర మడుద్దామా అంటే, అక్కడ ఇప్పటికే కుచ్చిళ్ళున్నాయి. వాటి మీద ఇంకో మడత ఎక్కితే నడుం చుట్టూ దిండు కట్టినట్టవుతుంది. పిల్ల కూర్చోలేదు. అందుకని మిగిలిన గుడ్డను కిందా కాకుండా, పైనా కాకుండా, అంచుకు కాస్త ఎగువన మడిచారు. మడిచినదాన్ని దాచిపెట్టకుండా అదే సొగసుగా కనిపించేలా కుట్టారు. అవసరమూ అలంకారమూ ఒకే మడతలో ఇమిడిపోయాయి. ఎవరు మొదలుపెట్టారో గానీ, గొప్ప ఆలోచన అది.

ఇప్పుడు లెక్క. పెద్ద లెక్క కాదు, భయపడకండి. అంగుళం టక్కు రెండంగుళాల గుడ్డ తింటుంది. ఎందుకంటే గుడ్డ అంగుళం పైకి వెళ్ళి, మళ్ళీ అంగుళం కిందికి వస్తుంది. పైకి కనిపించేది అంగుళమే, ముడుచుకున్నది రెండు. రేపు విప్పితే వచ్చేదీ రెండే. మళ్ళీ చెబుతున్నాను. కనిపించేది అంగుళం, విప్పితే రెండు.

మరి పిల్ల ఏడాదికి ఎంత ఎదుగుతుంది? నాలుగేళ్ళు దాటిన దగ్గర్నుంచి ఈడొచ్చే దాకా పిల్లలు ఏడాదికి సుమారు 5, 6 సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే రెండంగుళాల పైచిలుకు. అదంతా నడుం కిందే పెరగదు, ఒంట్లోనూ పెరుగుతుంది, కాళ్ళలోనూ పెరుగుతుంది. కాబట్టి ఒక్క టక్కు విప్పితే ఏడాది, ఏడాదిన్నర గడుస్తుంది. రెండు టక్కులుంటే రెండేళ్ళు నిశ్చింతగా గడుస్తాయి. అంటే ఒకటో తరగతిలో కుట్టించిన పరికిణీ మూడో తరగతి దాకా వస్తుంది. నడుం మాత్రం అంత తొందరగా పెరగదు. నడుం దగ్గర బొందు ఉంటే దాన్ని వదులు చేసుకుంటే సరిపోతుంది. బాడీ వేసి కుట్టిన పరికిణీ అయితే ఆ బాడీకి పక్కల్లో అంగుళం చొప్పున లోపల వదలమనండి.

ఒక్క షరతు ఉంది. ఈ టక్కు తిన్నగా ఉన్న గుడ్డకే నప్పుతుంది. పరికిణీ అంటే పైన కుచ్చిళ్ళు పెట్టిన తిన్నటి గుడ్డ. దానికి పైన ఎంత చుట్టుకొలతో కింద కూడా అంతే, అందుకని మడత చక్కగా కూర్చుంటుంది. అంబ్రెల్లా గౌను అలా కాదు. అది పైన తక్కువ, కింద ఎక్కువ. దానికి టక్కు వేస్తే పై గుడ్డ చాలక కింది గుడ్డ ముడతలు పడుతుంది. అంబ్రెల్లా గౌనుకు టక్కు అడగకండి, దర్జీని ఇబ్బంది పెట్టకండి.

రండి, ఒక పరికిణీ కుట్టి చూద్దాం. మీరు సూది పట్టుకున్నట్టే అనుకోండి. పాపకు ఆరేళ్ళు. గుడ్డ మంగళగిరి నూలు. మంగళగిరినే ఎందుకు ఎంచుకున్నానంటే, ఆ నేతకు ఒళ్ళంతా బుటాలుండవు. సాదా రంగు, కింద సన్నటి జరీ అంచు, దాన్ని నిజాం అంచు అంటారు. ఒళ్ళు సాదాగా ఉంది కాబట్టి టక్కు వేస్తే ఆ గీత స్పష్టంగా, అందంగా కనిపిస్తుంది. అదే పోచంపల్లి గుడ్డ అనుకోండి, అందులో ఒళ్ళంతా బొమ్మ ఉంటుంది. టక్కు వేస్తే బొమ్మ మధ్యలో తెగిపోతుంది. సాదా నేతకే టక్కు వేయండి, బొమ్మల నేతను బొమ్మల మానాన వదిలేయండి. ఇది నా అభిప్రాయం. కొందరు బొమ్మకు బొమ్మ కలిసేలా మడిచి కుడతారు, వాళ్ళ ఓపికకు దండం పెట్టాలి.

గుడ్డ తెచ్చిన వెంటనే కత్తెర పెట్టకండి. నూలు గుడ్డ మొదటి తడికి కుంచించుకుపోతుంది. ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు వదులుతుందేమో తెలుస్తుంది. తరవాత నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి, అప్పుడు కొలవండి.

కొలత ఎక్కడి నుంచి ఎక్కడికి? పాప నడుం నుంచి చీలమండ ఎముక దాకా. నేల దాకా కాదు. నేల దాకా కుడితే ఫొటోలో బాగుంటుంది గానీ, పిల్ల మెట్లెక్కేటప్పుడు కాలికి అడ్డం పడుతుంది. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు తొక్కుకుని పడుతుంది. చీలమండ దాకా చాలు, పట్టీలు కూడా కనిపిస్తాయి. మన పాపకు ఆ కొలత 25 అంగుళాలు అనుకుందాం. రెండు టక్కులు, ఒక్కోటి అంగుళం. రెండు టక్కులూ కలిసి నాలుగంగుళాలు తింటాయి. పైన నడుం కుట్టుకు కాస్త. మొత్తం 30 అంగుళాల నిలువు ఉంటే సరిపోతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. పరికిణీకి అంచు కిందికి రావాలంటే గుడ్డ పొడవు పిల్ల చుట్టూ తిరుగుతుంది, గుడ్డ పన్నా నిలువు అవుతుంది. మీటర్ల లెక్కన కొనే చేనేత గుడ్డ పన్నా మామూలుగా 44 అంగుళాలు, ఆ పైన ఉంటుంది. మనకు కావలసింది 30. టక్కులు వేయకపోతే 26 చాలు. అంటే టక్కుల కోసం మీరు ఒక్క రూపాయి గుడ్డ కూడా ఎక్కువ కొననక్కర్లేదు. వేయకపోతే ఆ నాలుగంగుళాలు కత్తిరింపుల్లో పోతాయి. వేస్తే వచ్చే ఏడాదికి మిగులుతాయి. టక్కులకు పోగా పైన మిగిలిన గుడ్డలో రెండో అంచు ఉంటుంది కదా, అది జాకెట్టు చేతులకు వస్తుంది.

ఇప్పుడు గీతలు. మీ ఇంట్లో పాత శుభలేఖ ఒకటి తీయండి, గట్టి అట్టది. దాని అంచున ఒకటిన్నర అంగుళం దగ్గర ఒక గాటు, అక్కడి నుంచి రెండంగుళాల దగ్గర ఇంకో గాటు పెట్టండి. ఇదే మీ కొలబద్ద. టేపు కన్నా ఇది నయం, జారదు. కొలత గుడ్డ చివర్నుంచి కాదు, అంచు పైగీత నుంచి తీసుకోండి. చేనేతలో గుడ్డ చివరకూ అంచుకూ మధ్య అక్కడక్కడ నూలుపోగంత తేడా ఉండొచ్చు. చూసేవాళ్ళ కన్ను అంచునే చూస్తుంది, గుడ్డ చివరను చూడదు. అందుకని అంచునే ఆధారం చేసుకోవాలి.

అంచు పైన ఒకటిన్నర వదిలి మొదటి గీత. అక్కడి నుంచి రెండంగుళాలకు రెండో గీత. ఈ రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి వచ్చేలా మడిచి కుడితే అంగుళం టక్కు తయారు. దాని పైన మళ్ళీ ఒకటిన్నర వదిలి, మళ్ళీ రెండు. ఒకటిన్నర విడుపు, రెండు మడుపు. ఒకటిన్నర విడుపు, రెండు మడుపు. ఇలా నోటికి పట్టుకోండి. ఈ కొలతకు ఒక కారణముంది. మడత కిందికి వాలినప్పుడు అంగుళం గుడ్డను కప్పుతుంది, మిగిలిన అర అంగుళం సందు కనిపిస్తుంది. అంచుకూ టక్కుకూ మధ్య ఆ సందు ఉండాలి, టక్కుకూ టక్కుకూ మధ్య కూడా ఆ సందు ఉండాలి. సందు లేకుండా ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కించి కుట్టడమూ ఒక పద్ధతే. అది దళసరి గుడ్డకు బరువవుతుంది, పలచటి వాయిల్ గుడ్డకు బాగుంటుంది.

టక్కు ఎప్పుడు కుట్టాలి? ఇది చాలామంది తలకిందులు చేసే చోటు. పరికిణీ వెనక కుట్టు, అంటే గుడ్డ రెండు చివరలూ కలిపే నిలువు కుట్టు, ముందు వేసేయండి. గుడ్డ గుండ్రంగా అయ్యాక, చుట్టూ తిరుగుతూ టక్కు కుట్టండి. ఆ తరవాతే నడుం కుచ్చిళ్ళు. ముందే టక్కు కుట్టేసి తరవాత నిలువు కుట్టు వేశారనుకోండి, టక్కు ఆ కుట్టులో చిక్కుకుంటుంది. రేపు టక్కు విప్పాలంటే నిలువు కుట్టు కూడా ఊడదీయాలి. కనుక ముందు నిలువు కుట్టు, తరవాత టక్కులు, ఆఖర్న కుచ్చిళ్ళు. మరోసారి: నిలువు కుట్టు, టక్కులు, కుచ్చిళ్ళు.

మడిచాక బెత్తెడుకొక గుండుసూది గుచ్చండి. వేరే రంగు దారంతో పచ్చికుట్టు వేయండి. ఆ తరవాత పరికిణీని హ్యాంగరుకు తగిలించి నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడండి. ఒళ్ళో పెట్టుకుని చూస్తే వంకర తెలియదు, దూరం నుంచి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. తిన్నగా ఉందనుకున్నాకే అసలు కుట్టు.

అసలు కుట్టు చేత్తో వేయండి. మామూలు పరుగుకుట్టు, అంగుళానికి ఆరేడు పోట్లు పడితే చాలు. మిషను మీద కుట్టాలంటే కుట్టు పొడవును అన్నిటికన్నా పెద్దదానికి తిప్పుకోండి. మొదట్లోనూ చివర్లోనూ ముందుకీ వెనక్కీ కుట్టి బిగించకండి. దారం చివర లోపలివైపు చిన్న ముడి వేసి, అర అంగుళం తోక వదలండి. రేపు ఆ ముడి కత్తిరించి తోక పట్టుకు లాగితే కుట్టు ఊడివస్తుంది. చెప్పాను కదా, విప్పడానికి వీలుగా కుట్టాలి.

దారం విషయంలో కూడా ఒక జాగ్రత్త. గుడ్డ కన్నా దారం గట్టిగా ఉండకూడదు. నూలు గుడ్డకు నూలు దారం వాడండి. పిల్లలన్నాక గెంతుతారు, పరికిణీ తొక్కుకుంటారు, తలుపు గడియకు తగిలించుకుంటారు. లాగుడు పడ్డప్పుడు మెత్తటి దారమైతే అది తెగుతుంది, మళ్ళీ కుట్టుకుంటాం. గట్టి దారమైతే అది తెగదు, గుడ్డ చిరుగుతుంది. గుడ్డ చిరిగితే ఏం చేస్తాం?

పట్టు పరికిణీకి వద్దాం. పట్టుకు ఇంకొంచెం భయభక్తులు కావాలి. నూలు గుడ్డలో సూది పడ్డ రంధ్రం ఒక ఉతుకుతో మూసుకుపోతుంది. పట్టులో మూసుకోదు. అందుకని సన్న సూది వాడాలి, గుండుసూదులు కుట్టు గీత మీదే గుచ్చాలి, పక్కన గుచ్చకూడదు. ఒకసారి కుట్టి ఊడదీసి మళ్ళీ కుట్టడం పట్టుతో కుదరదు, కొలత ముందే తేల్చుకోవాలి. టక్కు మడత ఎప్పుడూ జరీ మీద పడకూడదు. జరీ ఒకే మడతలో ఎక్కువకాలం ఉంటే అక్కడ విరుగుతుంది. పట్టుచీరలను మన పెద్దవాళ్ళు అప్పుడప్పుడూ తీసి మడత మార్చి పెట్టేది అందుకే. ఒంటి నిండా జరీ చారలున్న గుడ్డ అయితే టక్కు వేసే చోటు వెతుక్కోవాలి, చారకూ చారకూ మధ్య సాదా జాగాలో మడవాలి. ఇస్త్రీ తిరగేసి, పైన పలచటి నూలు గుడ్డ పరిచి, తక్కువ వేడి మీద చేయండి. టక్కు మడత మీద పెట్టెను గట్టిగా అదమకండి. అదిమితే గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు.

గద్వాల గుడ్డకు ఇంకో తిరకాసు ఉంది. దాని ఒళ్ళు నూలు, అంచు పట్టు. రెండు రకాల పోగులనూ ఒకే గుడ్డలో కలిపిన నేత. తడిస్తే నూలు ఒకలా, పట్టు ఒకలా కుంచించుకుంటాయి. కాబట్టి ఆ రెండూ కలిసిన చోటికి దగ్గరగా టక్కు వేయకండి. కాస్త ఎత్తుగా, నూలు భాగంలోనే వేయండి.

ఇక నడుం దగ్గరి కుచ్చిళ్ళు. వీటి గురించి త్వరగా చెబుతాను, ఎందుకంటే చేతికి అలవాటైనవాళ్ళకు ఇవి కొత్త కాదు. గుడ్డను దారం మీద పోగేసి లాగితే కుచ్చులు వస్తాయి. కొలిచి మడిచి మడిచి పెడితే కుచ్చిళ్ళు వస్తాయి. నూలుకు ఏదైనా బాగుంటుంది. పట్టుకు మాత్రం కుచ్చిళ్ళే బాగుంటాయి, పోగేస్తే పట్టు ఉబ్బుతుంది. కుచ్చిళ్ళకు గుడ్డ నడుం కొలతకు మూడు రెట్లు కావాలి. పైకి కనిపించేది ఒక పొర, దాని కింద లోపలికి వెళ్ళేది ఒక పొర, తిరిగి వచ్చేది ఒక పొర. అందుకే మూడు. మూడు రెట్ల కన్నా ఎక్కువ గుడ్డ ఉంటే మడత మీద మడత ఎక్కి నడుం దళసరి అవుతుంది. దుకాణంలో ఘేరా ఎక్కువ ఉండాలని ఇంకో మీటరు అంటగడతారు. పెద్దవాళ్ళకు ఫరవాలేదు గానీ ఆరేళ్ళ పిల్లకు ఆ బరువు ఎందుకు? పిల్ల పరిగెత్తగలగాలి, పీట మీద కూర్చోగలగాలి.

కుచ్చిళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒక్క క్షణం పక్కదారి పడతాను. కూచిపూడి నేర్చుకునే చిన్నపిల్లల దుస్తులు చూశారా? ముందువైపు రెండు కాళ్ళ మధ్య విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళు ఉంటాయి. పిల్ల నిలబడ్డప్పుడు అవి కనబడీ కనబడనట్టు ముడుచుకుని ఉంటాయి. మోకాళ్ళు వంచి అరమండిలోకి దిగగానే ఒక్కసారి విచ్చుకుంటాయి. ఒక్కో మడతా సమానంగా, ఒకే లోతున, ఇస్త్రీతో పదునుగా నిలబెట్టాలి. ఒక్క మడత తక్కువ లోతుగా పడినా విచ్చుకున్నప్పుడు అక్కడ వెలితి కనిపిస్తుంది. ఆ దుస్తులు కుట్టేవాళ్ళ పనితనం మీద ఒక ప్రసంగం వేరే చెప్పుకోవాలి.

గౌన్ల విషయంలో మడతలతో చేసే ఇంకో పని ఉంది, స్మాకింగ్. ఛాతీ మీద చిన్న చిన్న మడతలు పెట్టి, ఆ మడతల మీద తేనెపట్టు గదుల్లా కుట్టు కుట్టేది. ఇది ఇంగ్లండు పల్లెల నుంచి వచ్చింది. 18, 19 శతాబ్దాల్లో అక్కడి పొలం పనివాళ్ళు వదులుగా ఉండే పెద్ద చొక్కాలు తొడుక్కునేవారు. అప్పటికి సాగే రబ్బరు పట్టీ బట్టల్లో అంతగా వాడుకలోకి రాలేదు. ఛాతీ దగ్గరా మణికట్టు దగ్గరా గుడ్డ ఒంటికి అంటుకుని ఉండాలి, చెయ్యి చాపితే సాగాలి. మడతల మీద ఈ కుట్టు వేస్తే గుడ్డే సాగుతుంది. తరవాత అది పిల్లల గౌన్లలోకి వచ్చింది, అక్కడే నిలిచిపోయింది. చూడండి, అక్కడా అంతే. మడత ముందు అవసరానికి పుట్టింది, తరవాత అందమైంది.

మీరు స్మాకింగ్ మొదలుపెట్టాలనుకుంటే చిన్న చెక్స్ గుడ్డ తీసుకోండి. సాదా గుడ్డ మీద చుక్కలు పెట్టుకోవడమే సగం పని. చెక్స్ గుడ్డలో ఆ చుక్కలు గళ్ళ మూలల్లో తయారుగా ఉంటాయి. వరసకొక దారంతో గళ్ళ మూలలు ఎత్తుకుంటూ పోయి, దారాలన్నీ కలిపి లాగితే మడతలు పడతాయి. పైన రంగు దారంతో రెండేసి మడతలు కలుపుతూ కుట్టాలి. కుట్టు పూర్తయ్యాక కింది దారాలు తీసేయాలి. దీనికీ గుడ్డ మూడు రెట్లు కావాలి. ఛాతీ సాగుతుంది కాబట్టి స్మాకింగ్ గౌను కూడా పిల్లతో పాటు కొన్నాళ్ళు పెరుగుతుంది.

సరే, మళ్ళీ పరికిణీ దగ్గరికి. ఏడాది గడిచింది. పాప చీలమండ పైకి వచ్చింది పరికిణీ. ఇప్పుడు టక్కు విప్పాలి. కింది టక్కు ముందా, పై టక్కు ముందా? పై టక్కు ముందు విప్పండి. కింది టక్కు అంచుకు జతగా ఉంది, అది ఉన్నంతకాలం పరికిణీకి ఆ అందం ఉంటుంది. పైది పోయినా లోటు కనిపించదు.

విప్పగానే మీకు గీతలు కనిపిస్తాయి. రెండు కుట్టు గీతలు, వాటి మధ్య మడత గీత. మడత లోపల ఎండ తగలని గుడ్డ కొత్త గుడ్డలా నిగనిగలాడుతుంది. చుట్టూ ఉన్నది కాస్త వెలిసి ఉంటుంది. మడత అంచు రాపిడికి తెల్లబడి ఉంటుంది. మా అమ్మమ్మగారి ఇంట్లో ట్రంకుపెట్టెలో ఒక పాత నూలు పరికిణీ ఉండేది. మా పిన్నిది. దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అలాంటి గీతలు ఒకదాని పైన ఒకటి కనిపించేవి. ఏ గీత ఏ పండక్కి విప్పిందో అమ్మమ్మ వేలు పెట్టి చెప్పేది. ఆ గీతలను ఆవిడ ఎప్పుడూ దాచలేదు. నాకూ దాచాలనిపించదు. కానీ పండక్కి తొడిగేది కాబట్టి కొందరికి అది పాతబట్టలా కనిపిస్తుందని బెంగ. వాళ్ళకోసం చెబుతాను.

ముందు ఒకసారి ఉతకండి. నూలు గుడ్డ అయితే కుట్టు గీతలు రెండూ చాలావరకు మాయమవుతాయి. మిగిలేది మధ్యలో మడత గీత ఒక్కటే. దాని మీద సన్న లేసు కుట్టేయండి. మన నర్సాపురం లేసు ఉంది కదా. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషే పనిని గోదావరి జిల్లాల ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని అల్లుతూ దేశదేశాలకు పంపారు. ఆ నూలు లేసు రెండు వేళ్ళ వెడల్పుది చాలు. లేసు దొరక్కపోతే అదే గీత మీద రంగు దారంతో గొలుసుకుట్టు వేయండి, లేకపోతే కాడకుట్టు. టక్కు పోయిన చోట కుట్టుపని వచ్చింది. చూసినవాళ్ళు కొత్త పరికిణీ అనుకుంటారు.

ఇదంతా విని మీరు దర్జీ దగ్గరికి వెళ్తారు. అక్కడ మాటలు ఎలా నడుస్తాయో నాకు తెలుసు.

"బాబూ, మనవరాలి లంగాకు రెండు టక్కులు పెట్టు."

"ఇప్పుడెవరు పెట్టించుకుంటున్నారమ్మా, సాదాగా కుట్టేస్తాను, నీటుగా ఉంటది."

"నీటుగానే ఉంటుంది నాయనా, వచ్చే ఏడు కూడా వేసుకోవాలి కదా."

"వచ్చే ఏడు కొత్తది కుట్టిద్దురు లెండి."

ఇక్కడ మీరు వెనక్కి తగ్గకండి. దర్జీ మీద కోపం తెచ్చుకోనక్కర్లేదు, టక్కు వేయడానికి పావుగంట, అరగంట ఎక్కువ పడుతుంది, ఆ కూలి ఇస్తానని చెప్పండి. మూడు మాటలు స్పష్టంగా చెప్పండి. నిలువు తగ్గించి కత్తిరించొద్దు. టక్కులకు పెద్ద కుట్టు వేయి. చివర బిగించొద్దు. నేతగాడు మగ్గం మీద రోజుల తరబడి కూర్చుని నేసిన గుడ్డ అది. అందులో నాలుగంగుళాలు కత్తెర కింద పడి చెత్తబుట్టలోకి పోతుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. దుకాణాల్లో తయారుగా అమ్మే చిన్న లంగాల్లో ఈ వదులు దొరకడం అరుదు. కొనే ముందు తిరగేసి చూడండి. లోపల గుడ్డ ఉంటే అది మంచి కుట్టు.

అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న మనవరాళ్ళకు ఇక్కడి నుంచి పట్టులంగాలు కుట్టించి పంపే అమ్మమ్మలు, నానమ్మలు ఈ ప్రసంగం వింటూ ఉంటారు. మీకు ఆది లంగా చేతిలో ఉండదు, పిల్ల ఎదురుగా ఉండదు. మీ అమ్మాయిని గానీ కోడల్ని గానీ అడిగి నడుం నుంచి చీలమండ దాకా కొలత తెప్పించుకోండి. పొట్టి కాకుండా చూసుకుంటే చాలు, పొడవుగా ఉంటే టక్కు ఉంది. రెండు కాదు, మూడు టక్కులు పెట్టించండి. ఒక్కో టక్కు దారం ముడి దగ్గర చిన్న ఎర్రదారం కట్టి పంపండి. అక్కడివాళ్ళకు కుట్టుపని రాకపోయినా ఎర్రదారం ఉన్న చోట ముడి కత్తిరించి లాగమని చెబితే చాలు. సముద్రం దాటి వెళ్ళిన లంగా అక్కడే పొడుగవుతుంది.

చెల్లెలు ఉన్న ఇంట్లో ఇంకో సంగతి. అక్కకు పొట్టి అయిపోయిన పరికిణీకి టక్కులన్నీ విప్పేసి ఉంటాయి. చెల్లెలికి అది పొడవు. మళ్ళీ టక్కులు కుట్టండి, కానీ పాత గీతల మీదే. కొత్త చోట మడిస్తే పాత గీతలు పైకి కనిపిస్తాయి. పాత గీత మీదే మడిస్తే వెలిసిన గీత మళ్ళీ మడత అంచుకే వస్తుంది, గీతలన్నీ వాటి చోట అవే సర్దుకుంటాయి.

ఆఖరుగా ఒక్క మాట. టక్కు విప్పే పని పండగ పొద్దున పెట్టుకోకండి. తలంట్లు, పిండివంటలు, భోగిపళ్ళ హడావిడిలో కత్తెర కనిపించదు, కనిపించినా చేయి తొందరపడి గుడ్డ తెగుతుంది. వారం ముందే పాపకు తొడిగి చూడండి. పొట్టి అయిందనిపిస్తే ఆ సాయంత్రమే విప్పి, ఉతికి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి పెట్టుకోండి. లేసు కుట్టాలంటే దానికి ఒక మధ్యాహ్నం కావాలి.

మీ ఇంట్లో పాపకు ఇప్పుడు ఎన్నేళ్ళో, పరికిణీకి ఎన్ని టక్కులున్నాయో, ఒకసారి బీరువా తీసి చూసుకోండి.